ఒక్క మునకకు ఆరువేల నాలుగువందలు

"అన్నా, సార్‌వాళ్లు వచ్చిన్రు. నీళ్లు ఇంకా సల్లగనే ఉన్నయి. సార్ మస్తు గరమయితుండు."

"స్విచ్చు ఎప్పుడేసినవ్?"

"కారు గేటు కాడ ఆగినంక."

డిసెంబరు నెల, శనివారం, సాయంత్రం ఆరున్నర. ఫోన్ చేసింది బాలానగర్ దాటినాక హైవే దిగి మూడు కిలోమీటర్లు లోపలికి పోతే వచ్చే ఒక ఫామ్‌హౌస్ వాచ్‌మన్. నేను నల్లగొండలో షాపు మూస్తున్నాను. ఆ టబ్బులో పట్టేది 1,400 లీటర్లు. వెయ్యి లీటర్ల నీళ్లు ఒక్క డిగ్రీ వేడెక్కాలంటే 1.16 యూనిట్ల కరెంటు కావాలి. ఏ కంపెనీ టబ్బయినా, ఏ దేశం హీటరయినా ఈ లెక్క మారదు. ఆ రోజు నీళ్లు 22 డిగ్రీలున్నాయి. 38కి తేవాలంటే 26 యూనిట్లు. హీటరు మూడు కిలోవాట్లది, అంటే దగ్గర దగ్గర తొమ్మిది గంటలు. సార్ టబ్బులోకి దిగేసరికి తెల్లవారుజామున మూడున్నర అవుతుంది.

"మరి సార్‌కు ఏం చెప్పాలె?"

"అన్నం తిని పండుకోమను. పొద్దుగాల దిగమను."

ఆయన పొద్దున కూడా దిగలేదు. ఏదో పెళ్లికి పోవాలని ఏడింటికే బయల్దేరాడట. నీళ్లు మాత్రం 38 డిగ్రీల మీద ఆ రోజంతా బుసబుసమంటూ ఎదురుచూశాయి. సోమవారం వాచ్‌మన్‌కు గుర్తొచ్చి స్విచ్చు తీశాడు.

నాకు నలభై రెండేళ్లు. గీజర్లు, ప్రెషర్ పంపులు, వాటర్ సాఫ్ట్‌నర్లు, స్విమ్మింగ్ పూల్ మోటార్లు, ఇవి నా పనులు. పదకొండేళ్లుగా వాటికి ఈ వేడినీళ్ల టబ్బులు తోడయ్యాయి. జనం ఏ కంపెనీదైనా జకూజీ అనే అంటారు. ఇటు చౌటుప్పల్ నుంచి సాగర్ రోడ్డు మీద మాల్, చింతపల్లి దాకా, అటు షాద్‌నగర్ నుంచి జడ్చర్ల దాకా మొత్తం పంతొమ్మిది టబ్బులు నా చేతి కింద ఉన్నాయి. నా బండి డిక్కీలో ఎప్పుడూ రెండు రెంచీలు, కరెంటు లీకేజీ చూసే ఒక మెగ్గరు, నీళ్ల పరీక్ష డబ్బా, రెండు కిలోల నిమ్మఉప్పు ఉంటాయి. నిమ్మఉప్పు ఎందుకో తర్వాత చెప్తాను.

మా నాయిన దేవరకొండలో మోటారు వైండింగ్ చేసేవాడు. బావిలో నీళ్లు పాతిక అడుగులు దాటి కిందికి పోతే ఒడ్డు మీది మోటారు పీల్చలేదు. అప్పుడు జెట్ పంపు దింపేవాళ్లు. రెండు పైపులు కిందికి పోతాయి. ఒక పైపులో నీళ్లను గట్టిగా కిందికి తోస్తే, అడుగున ఒక సన్నని ముక్కులోంచి అవి చిమ్ముకుంటూ వచ్చి, చుట్టూ ఉన్న బావి నీళ్లను కూడా లాక్కుని రెండో పైపులో పైకెక్కుతాయి. ఆ ఇత్తడి ముక్కులో ఇసుక ఇరుక్కుంటే నాయిన దాన్ని సైకిలు పుల్లతో పొడిచి తీసేవాడు. పక్కన టార్చి పట్టుకోవడం నా పని.

పదకొండేళ్ల కింద మొదటిసారి ఒక టబ్బు వెనక పలక విప్పి, జెట్ ఊడదీసి చూస్తే అదే ముక్కు! ఇత్తడిది కాదు, ప్లాస్టిక్‌ది, అంతే. ఇక్కడ నీళ్లు సన్నని మెడలోంచి దూసుకుపోతూ బావి నీళ్లకు బదులు గాలిని లాక్కుంటాయి. ఆ గాలి కలిసిన ధారే నడుముకు తగిలి హాయిగా ఉంటుంది.

ఇదేం కాకతాళీయం కాదని తర్వాత తెలిసింది. జకూజీ అనేది ఇంటిపేరు. ఇటలీ నుంచి అమెరికాకు పోయిన ఏడుగురు అన్నదమ్ములు 1915లో కాలిఫోర్నియాలోని బర్క్లీలో విమానాల ప్రొపెల్లర్లు చేసే కంపెనీ పెట్టారు. 1921లో వాళ్ల విమానం కూలి ఒక తమ్ముడు చనిపోయాడు. ఇంట్లో పెద్దవాళ్లు విమానాల జోలికి ఇక పోవద్దన్నారు. ఆ తర్వాత వాళ్లను నిలబెట్టినవి వ్యవసాయ బావుల పంపులు. జెట్ పంపు వాళ్ల చేతుల మీదుగానే అక్కడి పొలాలకు పోయింది. ఆ అన్నదమ్ముల్లో ఒకరి కొడుకుకు చిన్నప్పుడే కీళ్లవాతం వచ్చింది. ఆస్పత్రిలో చేయించే నీళ్ల మర్దన ఇంట్లోనే చేయించాలని, స్నానాల తొట్టిలో పెట్టే పంపు ఒకటి తయారుచేశారు. 1968లో ఆ ఇంటి మూడో తరం మనిషి జెట్లను టబ్బు గోడలోనే బిగించి అమ్మకానికి పెట్టాడు.

ఇదంతా నాయినకు చెప్తే కాసేపు ఆలోచించి, "గంటే మనదీ వాళ్లదీ ఒకటే పనిరా. వాళ్లు బాయిల దిగి కూసున్నరు, గంతే" అన్నాడు.

కొనాలనుకునేవాళ్లు ముందు అడిగేది ధర. నలుగురు కూర్చునే దిగుమతి అక్రిలిక్ టబ్బు నేను చూసినంతలో ఐదారు లక్షలు. ఇక్కడే పోసిన ఫైబర్‌ది రెండు లక్షల లోపు దొరుకుతుంది. గద్దె, పైన షెడ్డు, కరెంటు లైను కలిపి ఇంకో లక్ష. ఇది చెప్పేశాక నేను అడిగే ప్రశ్న ఒక్కటే: "సార్, మీ బోరు నీళ్లల్ల కందిపప్పు ఉడుకుతదా?"

చాలామందికి తెలియదు. వాళ్లు అక్కడ వండుకోరు, వచ్చేటప్పుడే బిర్యానీ తెచ్చుకుంటారు. వాచ్‌మన్ భార్యను అడిగితే ఠక్కున చెప్తుంది. "యాడుడుకుతది అన్నా, గీ సౌడు నీళ్లల్ల? సబ్బు నురగే రాదు." నాకు సగం పరీక్ష అక్కడే అయిపోతుంది. మిగతా సగానికి చిన్న గాజు సీసాలో బోరు నీళ్లు పట్టి, రంగు మందు వేసి, ఒక్కో చుక్కా మందు కలుపుతూ పోతాను. నేరేడుపండు ఎరుపులో ఉన్న నీళ్లు నీలం తిరిగేదాకా చుక్కలు లెక్కపెట్టాలి. మంచి నీళ్లయితే ఏడెనిమిది చుక్కల్లో తిరుగుతుంది. మర్రిగూడ వైపు ఒక తోటలో ముప్పై ఒకటో చుక్క దాకా తిరగలేదు. ఆ డబ్బాలో చుక్కకు 20 లెక్క. అంటే లీటరుకు 620 మిల్లీగ్రాముల కాఠిన్యం. తాగే నీళ్లలో 200 దాటకూడదని, వేరే దిక్కు లేనప్పుడు 600 దాకా సరిపెట్టుకోవచ్చని బీఐఎస్ ప్రమాణం. టబ్బు తయారుచేసినవాడి పుస్తకంలో మాత్రం 150 నుంచి 250 మధ్య ఉండాలని రాసి ఉంటుంది.

620ని 1,400 లీటర్లతో గుణిస్తే 868 గ్రాములు. టబ్బును ఒక్కసారి నింపితే అందులోకి కిలోకు కాస్త తక్కువ సున్నపురాయిని మనమే కరిగించి పోసినట్టు. చల్లని నీళ్లలో అది కనపడదు. చక్కెర వేడి నీళ్లలో బాగా కరుగుతుంది, ఇది అట్లా కాదు. వేడెక్కేకొద్దీ నీళ్లను విడిచి బయటికొస్తుంది. నీళ్లు ఎక్కడ అన్నిటికన్నా వేడిగా ఉంటే అక్కడే కూర్చుంటుంది. అంటే హీటరు ఎలిమెంటు మీద.

ఆ తోటలో ఆరు నెలలకే హీటరు పోయింది. గొట్టం విప్పితే ఎలిమెంటు బయటికి రాదు. చుట్టూ పేరుకున్న పొర గొట్టానికే అతుక్కుపోయింది. మెల్లగా తిప్పి తిప్పి లాగితే వచ్చింది. వేలెడు లావు ఉండాల్సింది జొన్నకంకి అంత అయ్యింది. స్క్రూడ్రైవరు పిడితో కొడితే గుడ్డు పెంకులాగా తెల్లగా, పొరలు పొరలుగా రాలింది. ఒక పొర బూడిద రంగు, ఒకటి తెలుపు, మళ్లీ బూడిద. ఏ టాంకరు నీళ్లు ఎప్పుడు పోశారో అందులో రాసి పెట్టినట్టే ఉంది. ఆ పొర ఉన్నంతసేపూ వేడి బయటికి రాదు. లోపల తీగ ఎర్రగా కాలుతుంటుంది, బయట నీళ్లు చల్లగా ఉంటాయి, మీటరు మాత్రం తిరుగుతుంటుంది. చివరకు ఎలిమెంటు పగులుతుంది. కొత్తది నాలుగున్నర వేలు.

నిమ్మఉప్పు ఇందుకే. ఎలిమెంటు ఇంకా పగలకపోతే బకెట్లో గోరువెచ్చని నీళ్లు పోసి, గుప్పెళ్లతో నిమ్మఉప్పు వేసి అందులో ముంచుతాను. సోడా కొట్టినట్టు బుస్సుమంటుంది. గంటలో పొర కరిగి లోహం బయటపడుతుంది. మా అమ్మ రాగి బిందెను చింతపండుతో తోమినట్టే ఇదీ. యాసిడ్ పోయమని సలహా ఇచ్చేవాళ్లున్నారు. పొరతోపాటు లోహాన్ని కూడా తినేస్తుంది, పోయొద్దు.

సాఫ్ట్‌నర్ పెట్టించుకుంటే ఈ గొడవ చాలావరకు తప్పుతుంది. దానికి ఇంకో గొడవ ఉంది. కొన్నాళ్లకోసారి దానికి ఉప్పు తినిపించాలి, ఆ ఉప్పునీళ్లను బయటికి వదలాలి. ఒకచోట ప్లంబరు ఆ పైపును నేరుగా బత్తాయి తోట కాలువలోకి తిప్పాడు. మూడు నెలల్లో నాలుగు చెట్ల ఆకులు అంచుల్లో మాడిపోయాయి. పురుగు అనుకుని మందు కూడా కొట్టారు పాపం.

ఈ నీళ్ల ముచ్చట వచ్చినప్పుడల్లా ఒక భయం కూడా వస్తుంది. "ఇది నల్లగొండ నీళ్లు కదా, ఇండ్ల కూసుంటే బొక్కలు వంకరవోతయా?" అని ఒకావిడ నన్ను నిజంగానే అడిగింది. పోవు. ఫ్లోరైడ్ కడుపులోకి పోతేనే చేటు, చర్మంలోంచి ఎక్కదు. అడగడంలో మాత్రం తప్పులేదు. మర్రిగూడ, నాంపల్లి, మునుగోడు, చండూరు పక్క ఊళ్లలో తాగే నీళ్లే పళ్లను గారపట్టించాయి, కాళ్లు చేతుల్ని వంచేశాయి. ఆ బాధను లోకానికి చూపించిన శివన్నగూడెం అంశల స్వామి 2023 జనవరిలో చనిపోయారు. నాగ్‌పూర్‌లోని నీరి పరిశోధన సంస్థ శాస్త్రవేత్తలు పటిక, సున్నం, బ్లీచింగ్ పౌడరుతో ఫ్లోరైడ్ తీసే పద్ధతి కనిపెడితే దానికి నల్లగొండ టెక్నిక్ అనే పేరు వచ్చింది. ఇతర దేశాల పుస్తకాల్లో కూడా మా జిల్లా పేరు అట్లా ఎక్కింది. మా పేరు ఎక్కడానికి ఇంకేదైనా కారణం ఉంటే బాగుండేదని నాకు అనిపిస్తుంది. 2015 జూన్‌లో చౌటుప్పల్‌లో పైలాన్ వేసి మొదలుపెట్టిన మిషన్ భగీరథ తాగునీటి నల్లా ఇప్పుడు ఆ ఊళ్లకు వస్తోంది. టబ్బు నింపడానికి ఆ నల్లాకు పైపు తగిలించమన్న సార్ ఒకాయన ఉన్నాడు. ఆ పని నేను చెయ్యనన్నాను. ఆయన ఇంకొకరితో చేయించుకున్నాడో లేదో నాకు తెలియదు, నన్ను మళ్లీ పిలవలేదు.

కరెంటు సంగతి. నెలకు 800 యూనిట్లు దాటితే ఇంటి మీటరు మీద యూనిట్ పది రూపాయలు పడుతుంది. అందుకని కొందరు పొలం బోరు లైనులోంచి టబ్బుకు వైరు లాగమంటారు. 2018 జనవరి నుంచి వ్యవసాయానికి ఇరవైనాలుగు గంటలూ ఉచితంగా ఇస్తున్నారు కదా, అదెవడు చూస్తాడని. చూస్తారా లేదా అన్నది అట్లా ఉంచితే, ఆ లైను మీద వోల్టేజీ ఆడినట్టు ఎక్కడా ఆడదు. చుట్టుపక్కల నాలుగు మోటార్లు ఒక్కసారి ఆగితే టబ్బు బోర్డు మీద పడుతుంది దెబ్బ. బోర్డు మారిస్తే ముప్పై వేలు. ఉచిత కరెంటు అంటే ఇదీ.

దీనికంటే నన్ను భయపెట్టేది ఎర్తింగు. మాది మొరం నేల. వానాకాలంలో తవ్విన ఎర్తు గుంత అప్పుడు బాగానే పనిచేస్తుంది. ఏప్రిల్ వచ్చేసరికి గుంతలో బొగ్గు, ఉప్పు, మట్టి అంతా ఎండి కటకటలాడుతుంది, కరెంటు భూమిలోకి దిగడానికి దారి ఉండదు. ఒకసారి షాద్‌నగర్ దగ్గర ఒక తోటలో నీళ్లు పరీక్షించడానికి టబ్బులో చెయ్యి పెట్టాను. మోచేతి దాకా జుమ్ముమంది. చెయ్యి వెనక్కి తీసుకుని మొదట నా చెప్పులు చూసుకున్నాను. రబ్బరువి. బోర్డు విప్పితే, 30 మిల్లీఆంపియర్ల లీకేజీకే పడిపోవాల్సిన బ్రేకరు రెండు కొసల మధ్య ఎవరో రాగితీగ ముక్క కట్టారు. "మాటిమాటికి పడుతుందని కట్టిపిచ్చినం" అన్నాడు ఓనరు. అది మాటిమాటికీ పడుతున్నది టబ్బులో కూర్చున్నవాళ్లను కాపాడటానికేనని చెప్పాను. హీటరు ఎలిమెంటు పగిలి నీళ్లలోకి కరెంటు వస్తోంది. తీగ ముక్క కోసేసి, మెయిన్ ఆపేసి, ఫ్యూజు నా జేబులో వేసుకుని వచ్చేశాను. ఆ సాయంత్రం వాళ్ల పిల్లవాడి పుట్టినరోజట. ఫోన్‌లో చాలా మాటలన్నాడు. రెండు రోజులకు కొత్త ఎలిమెంటు, కొత్త బ్రేకరు, ఎర్తు గుంతలో నాలుగు బకెట్ల నీళ్లు అయ్యాకే ఫ్యూజు తిరిగిచ్చాను. ఎండాకాలంలో వారానికోసారి ఆ గుంతలో నీళ్లు పొయ్యమని ప్రతి వాచ్‌మన్‌కూ చెప్తాను. తులసి కోటకు పోసేటప్పుడే దీనికీ ఒక చెంబెడు పొయ్యమంటే గుర్తుంటుంది.

మూత గురించి నేను చెప్పేది ఎవరూ నమ్మరు కనుక ఒకసారి కొలిచి చూపించాను. టబ్బుకు వేరే మీటరు పెట్టి, జనవరిలో మూత వేసి ఉంచితే రోజుకు ఆరేడు యూనిట్లలో 38 డిగ్రీలు నిలబడింది. తర్వాత ఒక రాత్రి మూత తీసి, హీటరు ఆపి వదిలేశాను. పది గంటల తర్వాత చూస్తే 27 డిగ్రీలు. మళ్లీ 38కి రావడానికి 18 యూనిట్లు మింగింది. వేడి ఎక్కువగా పోయేది పక్కల్లోంచి కాదు, పైన లేచే ఆవిరితో. ఆ మూత కూడా మా దగ్గర ఏడాది నిలవదు. కోతులు. లోపల తెల్లటి థర్మకోల్ కనపడితే చాలు, పెరుగన్నం దొరికినట్టు చీల్చుకుంటాయి. రాచకొండ గుట్టల పక్క ఒక తోటలో నేను పోయేసరికి రెండు కోతిపిల్లలు నీళ్లలో ఉన్నాయి, తల్లి అంచు మీద కూర్చుని ఉంది. ఆ టబ్బును అంత ఇష్టంగా వాడినవాళ్లను నేను ఇంకెక్కడా చూడలేదు.

వేడినీళ్ల టబ్బు అంటే చిన్న స్విమ్మింగ్ పూల్ అనుకోవడం పెద్ద పొరపాటు. పూల్‌లో యాభై వేల లీటర్లకు నలుగురు దిగితే ఇక్కడ 1,400 లీటర్లకు నలుగురు దిగుతారు. చెమట, నూనె, సబ్బు, సెంటు అంతా ఆ కొద్ది నీళ్లలోనే. పైగా వేడికి క్లోరిన్ తొందరగా ఎగిరిపోతుంది. 38 డిగ్రీలు మనిషికి ఎంత సుఖమో సూక్ష్మజీవులకూ అంతే సుఖం. 1976లో ఫిలడెల్ఫియాలోని ఒక హోటల్లో మాజీ సైనికుల సభకు వచ్చినవాళ్లు వరుసగా నిమోనియాతో చనిపోతే, అప్పుడు బయటపడిన లీజియోనెల్లా అనే బాక్టీరియా ఇట్లాంటి వెచ్చని నీళ్లలోనే పెరుగుతుంది, నీటి తుంపరలతో ఊపిరితిత్తుల్లోకి పోతుంది. అంత దాకా నా దగ్గర ఎప్పుడూ రాలేదు. దద్దుర్ల దాకా వచ్చింది. ఒక ఆదివారం పదిమంది పిల్లలు ఒకే టబ్బులో గంటలకొద్దీ ఉన్నారు. మంగళవారానికి ఆరుగురికి ఎర్రటి పొక్కులు. దోమలని ఒకరన్నారు, మామిడికాయల వేడి అని ఒకరన్నారు. పొక్కులన్నీ నిక్కరు కింద ఎక్కువగా, మెడ పైన అసలు లేకుండా ఉన్నాయని ఒక తల్లి చెప్పగానే నాకు అర్థమైంది. తడి బట్ట అంటుకుని ఉన్నచోటే అవి వస్తాయి. నా తప్పూ ఉంది. శుక్రవారం క్లోరిన్ చూసి బాగుందని వచ్చాను. ఆదివారం అంతమంది దిగుతారని అడగలేదు. అప్పటి నుంచి "ఎంతమంది వస్తున్నరు?" అని ముందే ఫోన్ చేసి అడుగుతాను. కొందరికి అది నచ్చదు, నీకెందుకంటారు.

మందుల్లో ఒక్కటి చెప్పి వదిలేస్తాను. పంచాయతీవాళ్ల దగ్గర చవగ్గా దొరుకుతుందని బ్లీచింగ్ పౌడరు వేస్తే క్లోరిన్‌తోపాటు సున్నం కూడా పడుతుంది. మన నీళ్లకు అదే తక్కువైందా? ఇక పూల్ బిళ్లలు, బ్లీచింగ్ పౌడరు ఒకే మగ్గులో ఎప్పుడూ కలపకండి. అవి రెండూ కలిస్తే పేలతాయి, ఘాటైన గాలి వస్తుంది. నా దగ్గర పనిచేసే పిల్లవాడికి ఈ రెండింటికి వేరువేరు రంగు మగ్గులు ఇచ్చాను. ఎర్రది దీనికి, పచ్చది దానికి. చెప్తే మరిచిపోతాడు, రంగు మరిచిపోడు.

ఎండాకాలం వేరే తమాషా. మేలో నల్లటి ట్యాంకులో మధ్యాహ్నం నీళ్లు చెయ్యి పెట్టనివ్వవు. ఆ నీళ్లే టబ్బులోకి పడితే హీటరుతో పనేముంది? పైగా పంపు తిరిగినకొద్దీ తన వేడి కూడా కలుపుతుంది. బోర్డు మీద 'ఓహెచ్' అని రెండక్షరాలు వచ్చి మొత్తం ఆగిపోతుంది. వేడి ఎక్కువైంది, దిగొద్దని దాని అర్థం. జడ్చర్ల నుంచి ఒకాయన ఫోన్ చేసి, "నీళ్లు సల్లగయ్యే మిషిని ఏమన్న ఉన్నదా?" అన్నాడు. ఉంది, లక్షన్నర అన్నాను. ఆయన ఐసు ఫ్యాక్టరీ నుంచి రెండు దిమ్మెలు తెప్పించుకున్నాడు. ఆరు లక్షల వేడినీళ్ల టబ్బులో ఐసుగడ్డలు తేలుతుంటే ఫోటో తీసి నాకు పంపాడు. నేను ఏమీ అనలేదు. పాలమూరు ఎండకు అంతకంటే తెలివైన పని లేదు.

ఇక ఖర్చు. బాలానగర్ వాచ్‌మన్ గోడ మీద క్యాలెండరుంది. పాలు ఎన్ని లీటర్లో రాసినట్టే, సార్ టబ్బులో దిగిన రోజున ఒక చుక్క పెడతాడు. ఎందుకని అడిగితే, తెల్లారి నీళ్లు చూడాలె కదా అన్నాడు. పోయిన ఏడాదికి లెక్కపెడితే పదకొండు చుక్కలు. నేను కాగితం తీసి రాశాను. కరెంటు పన్నెండు వేలు. మందులు పద్దెనిమిది వేలు. నెలకు రెండుసార్లు నేను పోయినందుకు ఇరవైనాలుగు వేలు. ఫిల్టర్లు రెండు మారిస్తే ఎనిమిది వేలు. ఐదుసార్లు టాంకరు నీళ్లకు నాలుగు వేలు. ఒక ఎలిమెంటు నాలుగున్నర వేలు. అన్నీ కలిపితే డెబ్బై వేల ఐదువందలు, కొన్న డబ్బు కాక. పదకొండుతో భాగిస్తే ఒక్క మునకకు ఆరువేల నాలుగువందలు. వాచ్‌మన్‌కు చూపించాను. ఆయన నవ్వలేదు. గోడ పక్కన మూడు రాళ్ల మీద వాళ్ల కాగు ఉంది. పత్తికట్టె నాలుగు పుల్లలు పెడితే ఇంటిల్లిపాదికీ తానం నీళ్లు కాగుతాయి. "మా దొరసాని అయితే రెండు బకెట్లతోనే అవుతది" అన్నాడు, భార్య వైపు చూసి. ఆమె కాగు మూత దించి ఆయన వైపు విసిరినంత పని చేసింది.

ఈ లెక్క సార్‌కు చెప్పాలా వద్దా అని చాలా రోజులు ఆలోచించాను. అందులో ఇరవైనాలుగు వేలు నా బియ్యమే కదా. చివరకు చెప్పాను. ఆయన మంచివాడే. "అయితే ఎట్ల తగ్గించాలె?" అన్నాడు. అమ్మెయ్యమని చెప్పలేదు. వాడిన టబ్బు కొనేవాడు నేను తిరిగే ఊళ్లలో నాకు ఇంతవరకు కనపడలేదు. మార్చి నుంచి నవంబరు దాకా టబ్బును ఖాళీ చేసి, తుడిచి, ఎండబెట్టి, రేకు మూత వేద్దామన్నాను. సగం నీళ్లు నింపి వదిలేస్తేనే పాచి, దోమలు. పైపుల్లో నిలిచిన నీళ్లు లేకుండా బ్లోయరుతో ఊదెయ్యాలి, అది నేను చేస్తా. వానాకాలంలో స్లాబు నీళ్లు పట్టుకుందామన్నాను. వెయ్యి చదరపు అడుగుల స్లాబు మీద ఐదు సెంటీమీటర్ల వాన పడితే 4,600 లీటర్లు వస్తాయి. టబ్బుకు మూడుసార్లు సరిపోతాయి. మొదటి వాన దుమ్ము కడిగి పోనిచ్చి, రెండో వాన నుంచి సంపులో నింపాలి. అయితే ఒట్టి వాన నీళ్లు కూడా పనికిరావు. వాటిలో ఏమీ ఉండదు కనుక దొరికిన లోహాన్ని తింటాయి. నేను వాటిని ఆకలి నీళ్లంటాను. రెండు వంతులు వాన నీళ్లు, ఒక వంతు సౌడు నీళ్లు కలిపితే చుక్కల పరీక్షలో పదో చుక్క దగ్గర రంగు తిరిగింది. రాయి పట్టని, లోహం తినని నీళ్లు అవి. మన బోరుకూ ఒక పని దొరికిందని సార్ సంబరపడ్డాడు.

ఆ ఏడాది ఫిబ్రవరి ఆఖరులో టబ్బు ఖాళీ చెయ్యడానికి పోయాను. మూత తీసి, మందు వెయ్యకుండా రెండు రోజులు ఎండకు వదిలెయ్యమని ముందే చెప్పి ఉంచాను. పరీక్ష పుల్ల ముంచితే క్లోరిన్ గడి తెల్లగా ఉంది. అప్పుడు అడుగున బిరడా తిప్పాను. పైపు కొస బత్తాయి చెట్ల వైపు పెట్టి ఉంది. వాచ్‌మన్ పంచె ఎగగట్టి, పార పట్టుకుని ఒక్కో పాదుకూ గండి కొడుతూ, నిండగానే మట్టి వేసి మూస్తూ ముందుకు పోతున్నాడు. తొమ్మిదో చెట్టు దగ్గర నీళ్లు సన్నగిల్లాయి. ఆయన పార మీద చెయ్యి పెట్టి నిలబడి, ఇంకా మిగిలిన చెట్ల వైపు చూశాడు.

"మల్ల ఎప్పుడు వదుల్తవన్నా?"

"మల్ల నింపితే కదా."

"సార్‌కు ఫోన్ చేసి రమ్మంటనే, దిగుతడేమో" అని జేబులో ఫోన్ కోసం వెతుక్కున్నాడు.